జేబుకత్తీ, సూదంటురాయీ

కత్తి అనగానే కంగారు పడకండి. నేను చెప్పబోయేది మడిచి జేబులో వేసుకునే మూడంగుళాల కత్తి గురించి. మామిడిపండు కోయడానికి, పార్సిలు తాడు తెంపడానికి, పెన్సిలు చెక్కడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. అయినా ముప్పైయేళ్ళుగా అది జేబులో లేకపోతే నాకేదో మరచిపోయి బయల్దేరినట్లుంటుంది.

ఈ అలవాటు బ్యాంకు చేసింది. 1992లో సేలంలో క్యాషు కౌంటర్లో కూర్చున్న రోజుల్లో నోట్ల కట్టలకు లావుపాటి స్టేపిలు పిన్నులు కొట్టి ఉండేవి. గోళ్ళతో ఊడదీస్తే గోళ్ళే ఊడేవి. పాత బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద 12 రూపాయలు పెట్టి ఒక కత్తి కొన్నాను. రెండో రోజుకే దాని మొన వంకర తిరిగింది. 20 పెట్టి ఇంకోటి కొన్నాను. అది వంగలేదు. టక్కున విరిగి, మొన ఎగిరి పక్క సీటాయన లెడ్జర్లో పడింది. నేను బి.కాం. చదివినవాణ్ణి గదా, 12ది పోయింది, 20దీ పోయింది, ఇక 40ది కొనాలి అని లెక్క వేశాను. ఉక్కు గురించి ఆలోచన రానేలేదు. 2001లో రిజర్వు బ్యాంకు నోట్ల కట్టలకు పిన్నులు కొట్టవద్దని ఆదేశించింది. పిన్నులు పోయాయి గాని కత్తి మాత్రం జేబులోనే ఉండిపోయింది.

సేలంలో పుట్టినవాడికి ఉక్కు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదని మా ఊరివాళ్ళ ధీమా. 1980ల మొదట్లో స్టెయిన్‌లెస్ రేకుల కర్మాగారం మా ఊళ్ళో నడక మొదలుపెట్టింది. అంతకుముందు సంగతి చూసినా, ఊరి పక్కనున్న కంజమలై ఇనుపరాళ్ళ కొండే. ఆ రాయి పేరు మాగ్నటైటు. పాతకాలంలో దక్షిణాదిన మట్టిమూసల్లో వండిన ఉక్కుకు దేశదేశాల్లో గిరాకీ ఉండేది. నిజామాబాదు జిల్లా కోనసముద్రం నుంచి పారశీక వర్తకులు కొనుక్కుపోయేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఊట్జ్ అన్నారు. అది మన ‘ఉక్కు’ అనే మాటకు వచ్చిన వికారమేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంత గొప్ప కొండ నీడన పెరిగి మేము నేర్చుకున్నదల్లా ఒక్కటే పరీక్ష. మా అమ్మ పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన మాగ్నెట్ చెంగున కట్టుకుని గిన్నెల షాపుకు వెళ్ళేది. అంటుకుంటే దొంగ సరుకు, అంటుకోకపోతే మంచి స్టెయిన్‌లెస్. నేనూ అదే నేర్చాను.

2021లో నేను పక్క తాలూకా బ్రాంచిలో ఉన్నాను. వీధి వ్యాపారులకు 10,000 రూపాయల స్వనిధి అప్పులు ఇస్తున్న సమయం. ఒక పెద్దాయన దరఖాస్తు వచ్చింది. బస్టాండు గోడవారగా గోనెపట్టా పరచి కత్తులు, కత్తెరలు, అడకత్తెరలు అమ్ముతాడు. పక్కనే సైకిలుకు బిగించిన సాన. విచారణకు నేనే వెళ్ళాను. ఆయన మనవడితో తెలుగులో మాట్లాడుతున్నాడు. మనవాడే అనుకున్నాను గాని, ఆఫీసరు పనిమీద వెళ్ళినవాణ్ణి గనుక అరవంలోనే మొదలుపెట్టాను.

గోనెపట్టా మీద మడత కత్తులున్నాయి. బ్లేడు మీద ‘స్టెయిన్‌లెస్’ అని అచ్చు. ధర 80. నా జేబులో గుండుసూదుల డబ్బీ మూత ఉంది. దానికి మాగ్నెట్ ఉంటుంది. పొద్దున బల్లమీద నుంచి అదెందుకు జేబులో వేసుకున్నానో మీరు ఊహించగలరు. కత్తికి పెట్టాను. టక్కున అంటుకుంది.

“ఇదేనా నీ స్టెయిన్‌లెస్?” అన్నాను, నలుగురు బేరగాళ్ళ ముందు. వాళ్ళలో ఇద్దరు చేతిలోవి కింద పెట్టి వెళ్ళిపోయారు.

పెద్దాయన వాళ్ళు పోయిన దారికేసి చూశాడు. తర్వాత తెలుగులో, “సామీ, సూదంటురాయి అంటకుంటే అది గరిటె. కత్తి కాదు” అన్నాడు.

ఎదురు చెప్పాడనిపించింది. బ్రాంచికి వచ్చి దరఖాస్తు మీద సరుకు విషయం సందేహమని రాసి కింది అరలో పెట్టేశాను. ఆ అప్పుకు సరుకు నాణ్యతతో పని లేదు. ఆ సంగతి నాకు తెలుసు.

నాలుగు వారాల తర్వాత ఒక పెళ్ళిలో మా బావమరిదితో ఈ ముచ్చట గొప్పగా చెప్పాను. వాడు రోలింగు మిల్లులో ఫోర్‌మనుగా చేసి రిటైరైనవాడు. “బావా, ఆ ముసలాయన చెప్పిందే రైటు” అన్నాడు. గిన్నెల ఉక్కులో క్రోమియంతో పాటు నికెలో, చవకరకమైతే మాంగనీసో దండిగా కలుపుతారట. అందువల్ల మాగ్నెట్ అంటదు. కాని దాన్ని ఎంత ఎర్రగా కాల్చి ముంచినా గట్టిపడదు. కత్తి ఉక్కు వేరు. మామూలు రకంలో 13 శాతం దాకా క్రోమియం, దానితోబాటు కాస్త కార్బన్ ఉంటాయి. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది. మాగ్నెట్‌కు అంటుకుని తీరుతుంది. అంటుకున్నంత మాత్రాన మంచి కత్తీ కాదు. మెత్తటి ఇనుమూ అంటుకుంటుంది గదా. అంటే మా అమ్మ పరీక్ష గరిటెలకు మాత్రమే.

ముంచి తీసిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుందనీ, దాన్ని మళ్ళీ కొద్ది వేడిలో పెట్టి ఆ పెళుసు తీయాలనీ కూడా వాడు చెప్పాడు. నాకు 1992 నాటి రెండు కత్తులూ గుర్తొచ్చాయి. మొదటిదానికి పదును పట్టలేదు. రెండోదానికి ఆ రెండో వేడి చూపలేదు. పదును అన్న మాట చూడండి, వాన పడ్డాక దుక్కికి అనువైన నేలకూ అదే మాట, ఉక్కుకూ అదే.

సోమవారం పొద్దున కింది అరలోంచి దరఖాస్తు తీసి బస్టాండుకు వెళ్ళాను. ఈసారి తెలుగులో, “పెద్దాయనా, తప్పు నాది. మీ అప్పు ఈ వారంలోనే ఇప్పిస్తాను” అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “అప్పుడే తీసుకుంటి సామీ, దినవడ్డీకి” అన్నాడు. చేతికిచ్చింది 8,500. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. వడ్డీ 1,500 అని ఆయన లెక్క. అసలు రోజురోజుకూ తగ్గిపోతుంటుంది గనుక, ఏడాది లెక్కన అది నూటికి నూరు దాటుతుందని నా లెక్క. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. అప్పటికి పదకొండు రోజులు కట్టాడు.

బ్యాంకు అప్పు చేతికి వచ్చాక మొదట ఆ బాకీ తీర్చాడు. మిగిలిందానితో సరుకు అంతంతమాత్రమే వచ్చింది.

తర్వాత దారిలో ఎప్పుడు ఆగినా ఆయన నాకు కత్తి చూపించేవాడు. బ్లేడు మీద జపాన్ అనీ, సర్జికల్ స్టీల్ అనీ ఏం అచ్చు వేసినా చదవవద్దన్నాడు. అచ్చు వేయడానికి ఉక్కుతో పని లేదట. మడత దగ్గర, కనపడని చోట, సన్న ఆకురాయితో ఒక్క గీటు గీయాలి. జారితే పదును పట్టిన ఉక్కు, కొరికితే రేకు. మెరుగు పెట్టేటప్పుడు ఆరిన సాన మీద అదిమిన కత్తికి అంచున నీలిరంగు తేలుతుంది. అంటే వేడికి ఉన్న పదునూ పోయిందన్నమాట. అలాంటిది ఎంత మెరిసినా వద్దు. తెరిచి పట్టుకుని బ్లేడు పక్కలకు ఊపితే కదలకూడదు. చివరగా గోనెతాడు పదిసార్లు కోసి, ఆ తర్వాత న్యూస్‌పేపరు కోసి చూడాలి. కొత్త కత్తి ఏదైనా మొదటిసారి పేపరు కోస్తుంది.

ఒకరోజు మామూలు ఇనుపముక్కనూ, లారీ కమానుపట్టీ ముక్కనూ సానకు పెట్టి చూపించాడు. మొదటిదాని నిప్పురవ్వలు పొడుగ్గా తీగల్లా సాగాయి. రెండోది చిచ్చుబుడ్డిలా చివర్న పువ్వులు విప్పింది. ఆ పువ్వులు కార్బన్ చేసేవట. స్టెయిన్‌లెస్ కత్తికి రవ్వలు తక్కువ, ఎర్రగా పొట్టిగా వస్తాయి. బంగారం అప్పులిచ్చేటప్పుడు మా అప్రయిజరు గీటురాయి మీద గీత గీసి రంగు చూడడం ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను. ఉక్కుకూ అలాంటిదొకటి ఉందని అప్పటిదాకా తెలియదు.

ఆ కమానుపట్టీతో ఆయన అల్లుడు కొట్టిన కత్తి ఒకటి 150 ఇచ్చి తీసుకున్నాను. పిడి చింతకర్ర. “స్టెయిన్‌లెస్సా?” అని నోరు జారాను. “కాదు సామీ, తుప్పు పడతాది. కోసినంక తుడిచి కొబ్బరినూనె రాయండి” అన్నాడు. నిమ్మకాయ కోస్తే నల్లబడుతుంది. మా ఆవిడ దాన్ని వంటింట్లోకి రానివ్వదు. సింగపూరు నుంచి మా మేనల్లుడు తెచ్చిన స్విస్ కత్తి, పళ్ళు కుట్టుకునే పుల్లతో సహా, బీరువాలో భద్రంగా ఉంది. జేబులో మాత్రం ఇదే.

2022లో ఆయన వాయిదాలన్నీ కట్టేసి, రెండో అప్పు 20,000కు బ్రాంచికి వచ్చాడు. ఎదురు కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చున్నాడు. నా బల్లమీద గుండుసూదుల డబ్బీ చూసి, “ఇది ఇంకా ఉండాదా సామీ?” అన్నాడు. అప్పుడు నవ్వాడు. నేను జేబులోంచి కత్తి తీసి చూపించాను. బొటనవేలితో అంచు తడిమి, “ఏమిటికి సామీ ఇట్ల చేసినారు?” అని దాన్ని మడిచి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. సాయంత్రం బస్టాండు దగ్గర తీసుకోమన్నాడు, సాన పట్టి ఉంచుతాడట. నేను ఫారం తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాను.