కొండకా, కడలికా?

వివాహము నిశ్చయమైన దినము మొదలు ముహూర్తమును గూర్చియు, వస్త్రములను గూర్చియు, విందును గూర్చియు రెండు కుటుంబముల పెద్దలు నెలల తరబడి చర్చింతురు. పెండ్లియైన పిమ్మట నూతన దంపతులు చేయబోవు విహారయాత్రను గూర్చి మాత్రము ఎవరో చెప్పిన మాటను బట్టి ఒక్క సాయంకాలముననే తీర్మానము జరిగిపోవును. హనీమూన్ అని పిలుచుకొనుచున్న ఈ యాత్ర వట్టి వేడుక యని మేమును తలంచితిమి. కాని ఇరువురు కలిసి చేయవలసిన మొదటి నిర్ణయము ఇదియేనని తరువాత తెలిసినది. మా అనుభవము కొందరు సోదరీమణులకైనను ఉపయోగపడునేమో యని యిది వ్రాయుచున్నాము.

మా వివాహము మాఘమాసమున జరిగినది. మాలో మగవారు విజయవాడలో పుట్టి పెరిగినవారు. ఎండయు ఉక్కయు వారికి బద్ధశత్రువులు. కొండలు, మంచు, నిశ్శబ్దము ప్రాణప్రియములు. ఆడవారిది అనంతపురము జిల్లా. ఇరువది యైదేండ్లు నిండినను సముద్రమును బొమ్మలలో చూచుటయే గాని కన్నులార చూచి యెరుగరు. అయినను ఆ మాట పైకి చెప్పలేదు. ఊటీ యన్నను, కొడైకెనాలన్నను, హార్సిలీ కొండ యన్నను "మీ ఇష్టమండీ" అనుటయే వారి సమాధానము.

ఈ మాట మూడు నాలుగు సారులు విన్న మీదట అత్తగారు వంటయింటిలోనుండి వచ్చి, "చూడమ్మాయీ, మీ ఇష్టమనే మాట మొదటిరోజు మర్యాదగా ఉంటుంది, ఏడాదికి అలవాటవుతుంది, పదేళ్లకు నిష్ఠూరమవుతుంది. నీకేం కావాలో ఇప్పుడే చెప్పు" అనిరి. అప్పుడు గాని సముద్రము మాట బయటపడలేదు. మగవారు కొంత తెల్లబోయిరి. "నన్నడిగితే నేను కాదంటానా?" అనిరి. నిజమే. కాని వారడుగలేదు, వీరు చెప్పలేదు. ఇద్దరి తప్పును సరిసమానముగానే యుండెను.

మరునాడు పటము ముందు పెట్టుకొని కూర్చుంటిమి. గోవాకు పొమ్మని స్నేహితులు చెప్పిరి గాని, ఆ సందడి మా యిరువురకును సరిపడదు. మేము మూడు నియమములు పెట్టుకొంటిమి. ఎండ బాధయు, ఎముకలు కొరుకు చలియు లేకుండవలెను. ఒక రాత్రి ప్రయాణములో చేరవలెను. ఒకరి భాగము రెండవవారి దానికంటె తక్కువ కారాదు. ఈ మూడింటికిని తగినది మన విశాఖపట్టణమే. అక్కడ కడలి ఊరి ముంగిటనే యున్నది. అక్కడినుండి నూటపదునైదు కిలోమీటర్ల దూరములో, సముద్రమట్టమునకు తొమ్మిదివందల మీటర్ల ఎత్తున, అరకులోయ యున్నది. రెండు రాత్రులు కొండమీద, రెండు రాత్రులు సముద్రతీరమున గడుపుదమని నిశ్చయించితిమి.

మాలో ఆడవారికి ఘాటురోడ్డు మలుపులలో కడుపులో త్రిప్పును. అందుచేత అరకునకు రైలులోనే పోయితిమి. 1960 తరువాతి దశకములో బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకై వేసిన కొత్తవలస–కిరండూలు మార్గమిది. తెల్లవారిన వెంటనే బయలుదేరిన రైలు సుమారు నాలుగు గంటలలో అరకు చేరును. 2017లో ఈ బండికి అద్దపు కప్పు గల విస్టాడోము పెట్టెను తగిలించిరి. అందులో చోటు కావలెనన్నచో ముందుగా టికెట్టు తీసికొనవలెను, మాకు దొరకలేదు. సామాన్యపు పెట్టెలో కిటికీ ప్రక్కన కూర్చుంటిమి. సొరంగము వెంట సొరంగము. చీకటిలోనుండి బయటపడినప్పుడెల్ల క్రింద ఒక క్రొత్త లోయ. ప్రతి సొరంగములోను పిల్లలు పెట్టు కేకలకు మాలో ఆడవారును గొంతు కలిపిరి. అంతటి నిశ్శబ్దప్రియులైన మగవారు నవ్వి యూరకుండిరి.

అరకులో పగలు వెచ్చని శాలువ కూడ అక్కరలేదు. రాత్రి మాత్రము మేము దిగిన బసలో ఇచ్చిన పలుచని దుప్పటులు చాలక, తెచ్చుకొన్న బట్టలన్నియు కప్పుకొని కూర్చుంటిమి. అనంతపురపు ఎండకు అలవడిన శరీరమునకు ఆ చలి పరీక్షయే. గిరిజన మ్యూజియములో వారి పనిముట్లను, నగలను, ఇండ్ల నమూనాలను చూచితిమి. ఒక సాయంకాలము స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసికొని థింసా నృత్యము చేయగా చూచుట మాలో ఆడవారికి మిక్కిలి సంతోషమైనది. మగవారికి కాఫీతోటలు నచ్చినవి. ఎత్తైన సిల్వర్ ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగును. ఆ చెట్లకే మిరియాల తీగలు ప్రాకును. ఇచ్చటి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. చక్కెర వేయకయే త్రాగి చూడుమని తోటమాలి చెప్పెను. మాలో ఒకరికి రుచించినది, ఒకరికి రుచింపలేదు.

మూడవనాడు కారులో బొర్రా గుహలకు దిగివచ్చితిమి. బొర్ర యనగా రంధ్రము. ఆ కొండ సున్నపురాయి. నీరు వేలయేండ్లుగా ఆ రాతిని కరగించుచు, చుక్క చుక్కగా జారుచు, పైనుండి వ్రేలాడు స్తంభములను, క్రిందినుండి లేచు స్తంభములను తీర్చినది. మెట్లు చాల యున్నవి. మోకాళ్ల నొప్పి గలవారు ఆలోచించి దిగవలెను. మాకు త్రోవ చూపిన గిరిజన యువకుడు ఆవు కథ చెప్పెను. మేయుచున్న ఆవు పైనున్న రంధ్రములోనుండి జారిపడగా, దానిని వెదకుచు వచ్చిన కాపరికి ఈ గుహ కనబడినదట. అందుచేతనే క్రింద పారు నదికి గోస్తని యని పేరు. పిమ్మట అతడు, "ఈ నీరే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందండి" అనెను.

ఆ మాటకు మేమిద్దరము ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. అంతవరకు మాలో మగవారికి సముద్రపు రెండు దినములును చెల్లింపవలసిన బాకీ వంటివి. ఇప్పుడు వారే, "అయితే ఆ చివర కూడా చూడాలి" అనిరి.

సాయంకాలపు రైలులో విశాఖ చేరి, మరునాటి ఉదయము రామకృష్ణా బీచికి పోయితిమి. మాలో ఆడవారు మొదట ఏమియు మాటలాడలేదు. పాదములు తడియునంత దూరము పోయి, చాలసేపు నిలువబడిరి. ఇచ్చట కెరటములు మనుష్యులను లోనికి లాగును; స్నానమునకు దిగరాదు. మగవారు ఒడ్డున ఇసుకలో పుస్తకము చదువుకొనుచు గంటసేపు వేచియుండిరి. వారికి విసుగు కలిగియే యుండును గాని, లెమ్మని పిలువలేదు.

పిమ్మట తీరపు బాటవెంట భీమునిపట్టణమునకు బయలుదేరితిమి. దారిలో తొట్లకొండ యున్నది. నీటి కొరకు రాతిలో తొలిచిన తొట్లను బట్టి ఆ పేరు వచ్చినది. సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధవిహారమును 1988–1993 నడుమ ఇచ్చట త్రవ్వి బయల్పరచిరి. కొండయెక్కి చూడగా ఎదుట అంతయు సముద్రమే. ఆ భిక్షువులకు కొండయా, కడలియా యను తగవు రాలేదు కాబోలునని నవ్వుకొంటిమి. భీమిలిలో డచ్చివారి పాత సమాధులను చూచి, పడవల నడుమనుండి నడచి, గోస్తని సాగరమున కలియు చోటికి చేరితిమి. బొర్రా క్రింద రాళ్లపై ఉరకలు వేసిన నది ఇచ్చట వెడల్పై, నెమ్మదించి, ఇసుక నొరసికొనుచు పోవుచున్నది. ఆ సాయంకాలము లెమ్మని పిలిచినవారు మాలో ఆడవారే. మగవారికి లేవ మనసు రాలేదు.

పోదలచువారికి ఒకటి రెండు మాటలు. నవంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు ఈ యాత్రకు అనువైన కాలము. అక్టోబరులో తుపానుల భయము కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎంతగా నొప్పించెనో మరువరాదు. సంక్రాంతి సెలవులలో బసలు దొరకుట కష్టము. డిసెంబరు, జనవరులలో అరకుకు ఉన్నిబట్టలు తప్పక కొనిపోవలెను. దుప్పటి కూడ నొకటి యున్న మేలు.

సోదరీమణులారా, మీరు అరకుకే పోనక్కరలేదు. మీ స్తోమతును, మీ సెలవులను బట్టి దగ్గరి యూరైనను చాలును. కాని స్థలమును గూర్చి మాట వచ్చిన నాడు, "మీ ఇష్టము" అని తప్పించుకొనక మీ కోరికను మీరు చెప్పుడు. వారి కోరికను కూడ అడిగి తెలిసికొనుడు. మేమింటికి రాగానే అత్తగారు ముందుగా కోడలినే, "సముద్రం చూశావా?" అని యడిగిరి. కొండ సంగతి ఆమెకు కుమారుడే చెప్పెను, కాఫీ కలుపుచు.