మా క్యాంపు పిల్లి చిప్స్, దాని పేగుల బాధ

మొన్న సలాలా నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు, "అన్నా, నీ పిల్లి బతికిందా" అని. బతికింది. కానీ ఒక్క ముక్కలో అయిపోయే ముచ్చట కాదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్న. డ్యూటీ అయినంక తీరికగా చదువుకోండి.

మాది మస్కట్‌ల గాలా దిక్కు క్యాంపు. మూడేళ్ల కింద మెస్సు వెనుక ఒక పిల్లికూన ఒమన్ చిప్స్ పాకెట్ల తలకాయ ఇరికించుకొని గోడకు గుద్దుకుంటుంటే, మా బంగ్లాదేశ్ హెల్పర్ పాకెట్ చింపి తీసిండు. అప్పటి నుంచి దాని పేరు చిప్స్. ఈ దేశంల పిల్లులకు కొదువ లేదని మీకు తెల్సు. ఒమానీలు ఇంటి ముందర గిన్నెల నీళ్లు పెడతరు గాని తరమరు. మన దిక్కు పిల్లి ఎదురైతే కాసేపు ఆగి పోతం. ఇక్కడ తెల్లారి నాలుగున్నరకు బస్సు ఎక్కుతుంటే రోజూ ఎదురొచ్చేది ఇదే. అపశకునం అనుకుంటే మూడేళ్లల్ల ఒక్కనాడు డ్యూటీ చేయకపోదుం.

పోయిన ఎండాకాలం అది కక్కుడు మొదలుపెట్టింది. వెంట్రుకల ఉండ అనుకున్నం. తర్వాత నీళ్ల విరేచనాలు. ఎవడో పాడైన చేప పెట్టిండు అనుకున్నం. రెండు రోజులు బాగుంటది, మళ్లీ మొదలు. ఇట్ల నెల గడిచింది. స్టోరులో మేకులు తూచే కాంటా మీద పెట్టి చూసిన. అంతకుముందు సరదాకు తూచినప్పుడు 4 కిలోల 200 ఉండె. ఇప్పుడు 2 కిలోల 900. వీపు మీద చెయ్యేస్తే ఎముకలు లెక్క పెట్టొచ్చు.

క్యాంపుల అందరూ డాక్టర్లే. ఒకడు లబన్ పోసిండు, ఇంకొకడు పెరుగన్నం పెట్టిండు. నేనైతే సగం పనడాల్ బిళ్ల నూరి నీళ్లల్ల కలిపిన. అది తాగలేదు, ఒలకబోసింది. తర్వాత డాక్టరమ్మకు చెప్తే తల పట్టుకుంది. పారాసిటమాల్ పిల్లికి విషమంట. దాని ఒంట్లో ఆ మందు అరగదు, రక్తం చెడగొడ్తది, సగం బిళ్ల చాలు చంపనీకి. ఈ పోస్టుల ఇంకేం యాదికి లేకున్నా ఇదొక్కటి యాదికి పెట్టుకోండి.

ఆసుపత్రికి ఎట్ల తీసుకపోయినమంటే, రెండు టమాట క్రేట్లు ఒకదాని మీద ఒకటి బోర్లించి బైండింగ్ వైరుతో కట్టినం. అక్కడ మిగిలిన పిల్లులన్నీ మంచి మంచి బుట్టలల్ల కూసున్నయి. మాది రాజు లెక్క క్రేట్ల నుంచి అందరినీ చూస్తోంది.

డాక్టరమ్మ మన ఇండియా ఆమెనే, హిందీల ఓపికగా చెప్పింది. ఒక్క పరీక్షతో తేలే రోగం కాదంట. ముందు దొడ్డికి పరీక్ష చేసి పురుగులు లేవని చూసింది. రక్తపరీక్షతో కిడ్నీలు, షుగర్, థైరాయిడ్ చూసింది. స్కానింగ్ చేస్తే పేగు గోడ మందమైంది. ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అయి ఉండొచ్చు అన్నది. నాకు అర్థమైన మాటల్ల చెప్తా. పేగులల్ల కాపలా ఉంటది, గేటు దగ్గర సెక్యూరిటీ లెక్క. ఆ సెక్యూరిటీకి పిచ్చి లేసి, ఐడీ కార్డు ఉన్న మన లేబర్‌ను కూడా కొడుతుంటడు. తిన్న తిండినే దొంగ అనుకుంటడు. కొట్లాటల గోడ వాస్తది, తిన్నది ఒంటికి పట్టదు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. పూర్తిగా పోయేది కూడా కాదు, అదుపుల పెట్టుకోవాలె అంతే.

ఒక రకం పేగు క్యాన్సర్ కూడా అచ్చం ఇట్లనే కనబడ్తదంట. బయాప్సీ చేస్తేనే తేడా తెలుస్తది, అది కూడా స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే చేస్తే మంచిదంట. మత్తు ఇచ్చి ముక్క తీసి ల్యాబుకు పంపాలె. ఆమె చెప్పిన రేటు నా నెల జీతంల సగం దాటింది. బిడ్డ ఇంటర్ ఫీజు కట్టేది అదే నెల. నేను వద్దన్న. ఇంటామెకు ఫోన్ల చెప్తే, "ఈడ మీ అమ్మ మోకాళ్లకు ఎక్స్‌రే తీయించలేదు, ఆడ పిల్లికి స్కానింగా" అన్నది. ఏం జవాబు చెప్తం? ఆ నెల అమ్మకు ఎక్స్‌రే తీయించిన.

మందుల కన్నా తిండే కష్టమైంది. ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి తయారుచేసిన తిండి ఒకటుంటది, పేగుల సెక్యూరిటీ దాన్ని గుర్తుపట్టడు. అది తప్ప ఇంకేం పెట్టొద్దు, పాలు వద్దు, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేసిన కూర అసలే వద్దు, అవి మామూలు పిల్లికి కూడా విషమే. సంచి రేటు చూసి చందా వేసినం, మనిషికి ఒక రియాలు, 41 రియాళ్లు జమైనయి. కానీ 41 మంది చేతులు ఆపుడు ఎట్ల? మెస్సు గోడకు తెలుగు, హిందీ, బంగ్లాల బోర్డు పెట్టిన, "చిప్స్‌కు ఏమీ పెట్టరాదు" అని. అయినా ఒకరాత్రి చేప ముల్లు కక్కింది. హెల్మెట్ లేకుండ స్కఫోల్డింగ్ ఎక్కినోని మీద అరిచినట్టు అందరి మీద అరిచిన. పొద్దున లేచినంక సిగ్గయింది.

తిండి మార్చినంక కక్కుడు తగ్గింది గాని విరేచనాలు పూర్తిగా ఆగలే. అప్పుడు ప్రెడ్నిసొలోన్ బిళ్ల మొదలైంది. నీ ఇష్టమొచ్చినట్టు ఒక్కసారి ఆపొద్దు, మెల్లగ తగ్గించుకుంట రావాలె, షుగర్ రావొచ్చు, నీళ్లు ఎక్కువ తాగుతుంటే చెప్పు అన్నది. వారానికొకటి బి12 ఇంజెక్షన్ ఆరు వారాలు, ఎందుకంటే జబ్బు పేగు దాన్ని పీల్చుకోదు. ఇంజెక్షన్ చర్మం కింద ఇచ్చుడు ఆమె నాకే నేర్పింది. ఎనిమిదో అంతస్తుల పలక మీద నడిచినోన్ని, నా చేయి వణికింది.

జూన్ నుంచి ఆగస్టు దాకా 12:30 నుంచి 3:30 వరకు ఎండల పని బంద్ కదా. సైటు పక్కనే గనుక ఆ టైముల వచ్చి బిళ్ల వేసేది. డైరీల రాసుకున్న, ఎన్నిసార్లు కక్కింది, దొడ్డి ఎట్లున్నది, బరువెంత. కాంక్రీట్ క్యూబు లెక్కనే, 7వ రోజు, 28వ రోజు. 28వ రోజు 3 కిలోల 400.

ఆ డైరీ చూసే ఒక తాపీ మేస్త్రి రాత్రి నా రూముకు వచ్చిండు. సిరిసిల్ల దిక్కు పిల్లగాడు. తలుపు దగ్గరేసి, "అన్నా, చిప్స్‌కు రక్తం పడ్డదా?" అన్నడు. లేదు తమ్మి అన్న. "నాకు పడుతుంది. ఐదు నెలలైంది." ఎవరికీ చెప్పలేదంట. అన్‌ఫిట్ రాసి ఇంటికి పంపిస్తరని భయం, అప్పు ఇంకా తీరలేదు. పైల్స్ అనుకొని మెడికల్ షాపుల మలాం కొనుక్కుంటుండు. నేను రోజూ వాని ప్లాస్టరింగ్ కొలిచేటోన్ని, బెల్టు రెండు చిల్లులు లోపలికి పోయింది నాకు కనబడలే. పిల్లిని మాత్రం కాంటా మీద పెట్టి తూచిన.

వానికి కూడా పిల్లి రోగమే అని నేననలే. తెల్లారి నేనే వెంట పోయి డాక్టరుకు చూపించిన. మనుషులకు ఈ జాతి జబ్బులు వేరే ఉన్నయి, పైల్సు కూడా కావొచ్చు, లోపల కెమెరా పెట్టి చూడాలె అన్నరు. సెలవు నెల ముందుకు జరిపించినం. వచ్చే బుధవారం హైదరాబాదుకు ఫ్లైటు. రిపోర్టు రాంగనే ఫోన్ చేస్తా అన్నడు.

నన్నేమో దుక్మ్ సైటుకు మార్చిండ్రు. చిప్స్ ఇప్పుడు రోజు విడిచి రోజు సగం బిళ్ల మీదున్నది. పాకెట్ చింపి తీసిన ఆ హెల్పర్ వేస్తుండు. శుక్రవారం శుక్రవారం కాంటా మీద కూసోబెట్టి ఫోటో పంపుతడు. నిన్నటి ఫోటోల 3 కిలోల 800. పక్కన వాని వేలు కూడా కాంటా మీదనే ఉంది, ఫోన్ చేసి తిట్టిన, మళ్లీ తూచమన్న. 3 కిలోల 700.