వేముల సీమలో పాతాళపు నాడి

బెంగుళూరు నుండి కడపకు పోవు మనవారిలో కొందరు కదిరి, పులివెందుల దారి పట్టి, వేంపల్లెకు చేరువనున్న గండిలో ఆంజనేయస్వామిని దర్శించుకొని సాగిపోతారు. గండిలో కొండలను చీల్చుకొని వచ్చే పాపాఘ్ని కర్ణాటకలో నందికొండల వైపున పుట్టినదే. కనుక అక్కడ స్థిరపడిన మన కుటుంబాలకు ఈ సీమ పరాయిది కాదు. మన వంటిండ్లలో పరచిన కడప బండ సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మారు మేము ఆ దారి నుండి కొంచెం ప్రక్కకు మళ్ళి వేముల మండలం చూచి వచ్చాము.

దారి పొడుగునా చీనీ తోటలు, అరటి తోటలు. వాటన్నిటికీ బోరుబావులే ప్రాణం. నేలక్రింద ఉన్నది డోలమైటు అనే సున్నపురాతి జాతి రాయి. దాని వయస్సు దాదాపు 200 కోట్ల సంవత్సరాలు. శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరలకు వేంపల్లె పేరే పెట్టినారు. అందులో యురేనియం పలుచగా, పొర వెంబడి చాలా దూరం పరచుకొని ఉన్నది. తుమ్మలపల్లె గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. ఈ ఖనిజాలను వెదకే కేంద్ర ప్రభుత్వ శాఖ 1949లో పుట్టినది. నేడు దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే.

ఒక చేని గట్టున బోరు వేసి, గొట్టాలు పైకి తీసి, పరీక్షకు సిద్ధం చేస్తుండగా మేము ఆగి చూచాము. సన్నని ఇనుప గొట్టమొకటి కేబులుకు కట్టి బోరు అడుగుదాకా దించినారు. దానిలో సోడియం అయొడైడు స్ఫటికం ఉంటుందట. రాతి నుండి గామా కిరణం వచ్చి తగిలితే ఆ స్ఫటికంలో చిన్న మెరుపు మెరుస్తుంది. సెకనుకు ఎన్ని మెరుపులో యంత్రం లెక్కపెడుతుంది. గొట్టాన్ని మెల్లగా పైకి లాగుతూ ఉంటే, ఏ లోతున ఎంత లెక్క వచ్చిందో గీతగా పడుతుంది. వైద్యుడు నాడి చూచినట్లే.

అయితే గీత లేచిన చోటల్లా యురేనియమే అనుకోరాదు. పొటాసియం, థోరియం కూడా గామా కిరణాలు విడుస్తాయి. వాటి శక్తిలోని తేడానుబట్టి మూడింటినీ వేరుచేస్తారు. మరొక చిక్కున్నది. యురేనియం తనంత తానుగా విడిచే గామా కిరణాలు స్వల్పం. దాని సంతతియైన బిస్మతు వంటివే ఎక్కువ విడుస్తాయి. ఏనాడో నీటిలో కరిగి యురేనియం తరలిపోయి, సంతతి మాత్రం మిగిలి ఉంటే, తల్లి లేని ఇంట పిల్లల సందడి విన్నట్లు అవుతుంది. అందుచేత బోరులో తీసిన రాతి కడ్డీలను ప్రయోగశాలకు పంపి, రసాయన పరీక్షతో సరిచూచిన గాని మాట ఖాయం చేయరు.

ఇంతలో ప్రక్క చేని రైతొకాయన వచ్చినాడు.

"నీళ్ళెంత లోతున పడినాయి సారూ?"

"మేం వచ్చింది నీళ్ళకోసం కాదు పెద్దాయనా, రాయికోసం. అయినా నీటిమట్టం రాసుకుంటాం. నీళ్ళున్న చోట కిరణాలు కొంత అణగిపోతాయి. అది చూసుకోకపోతే మా లెక్క తప్పుతుంది" అన్నాడు ఆ యువకుడు.

"మీకు లెక్క తప్పకుండా ఉండేదానికి కావాల. మాకు బతికేదానికి కావాల. ఆ అంకె మాకూ చెప్పిపోండి."

యువకుడు ఒక క్షణం ఆలోచించి, చీటీ మీద వ్రాసి ఇచ్చినాడు. రైతు దానిని తలగుడ్డ కొంగున ముడివేసుకొన్నాడు.

దేశానికి విద్యుత్తు కావాలి. ఆ ఊరికి తాగునీరు, తోటలకు తడి కావాలి. గని వచ్చిన చోట మన బావి నీళ్ళేమవుతాయని ఊరివారు అడగటం సహజం. దానికి జవాబు కూడా ఆ గీతలాగే ఒక్కొక్క లోతునా కొలిచి, సరిచూచి, వారికి తెలిసే మాటలలో చెప్పవలసి ఉంటుంది. గండి యాత్రకు వెళ్ళే మనవారు ఒక పూట ఎక్కువ ఉంచుకొని ఈ వైపు కూడా చూచి రాగలరు. పిల్లలకు కొండవాలున ఆ రాతి పొరలు చూపండి. తోటలవారితో నాలుగు మాటలు మాట్లాడండి.