రెండు వాకిళ్ల నడుమ

హౌరా నుండి ఖరగ్‌పూరు వైపు పోవు లోకలు బండిలో సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించి, దేవుల్టి అను చిన్న స్టేషనులో దిగి, సామతాబేడు గ్రామమునకు మేము పోయినది వంగ నవలాకారుడైన శరత్‌బాబు నివసించిన ఇల్లు చూచుటకే యైనను, నా వెంట వచ్చిన మిత్రునకు వేరొక ప్రయోజనము కూడ కలదు. ఆయన చలనచిత్రములకు కళాదర్శకుడు. పాతకాలపు ఇల్లు కంటబడినచో తలుపులు, దూలములతో సహా కొలిచి వ్రాసికొననిదే కదలడు.

శరచ్చంద్రుడు 1926 మొదలు అవసానకాలము దనుక ఎక్కువగా నివసించిన ఆ ఇల్లు రెండంతస్తులది. పైన పెంకులు, చుట్టును వసారాలు. బర్మాలో బహుకాల మున్నవాడగుటచే అచటి ఫక్కి దీనికి అబ్బినదని చెప్పుదురు. ఆయన వ్రాతబల్ల యున్న గదికి చేరువనే ఒకప్పుడు పారిన రూపనారాయణ నది ఇప్పుడు ఎడముగా తొలగిపోయినది. 'దేవదాసు' ఈ ఇంట పుట్టిన నవల కాదు. బర్మాకు పోకముందే యౌవనమున వ్రాసి, చిరకాలము అచ్చునకీయక, 1917లో ప్రకటించినది. ఐనను వంగదేశపు పల్లెలో కలిగిన గృహస్థు ఇల్లు ఎంతటిదో, ఆ ఇంటి మేడగదిలో దీపము వెలిగినచో ఇరుగుపొరుగులలో ఎందరికి తెలియునో ఊహించుటకు ఇంతకంటె మంచి తావు నాకు దొరకలేదు.

మిత్రుడు వసారాను అంగలతో కొలిచి పెదవి విరిచెను. "ఇందులో కెమెరా ఎక్కడ పెడతామోయ్? పెట్టినా వెనక్కి జరగడానికి చోటేదీ?" అనెను. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఇద్దరు మనుష్యులను నిలువెత్తున చూపవలెనన్న కెమెరాకు కొంత దూరము కావలెను, దీపములు వ్రేలాడదీయుటకు పైకప్పు లేకుండవలెను. అందుచేతనే స్టూడియోలో తీసిపెట్టుటకు వీలైన గోడలతో గదులు కట్టుదురు. కాని అట్లు కట్టబడిన గది కెమెరాకు చాలినంతతో ఆగక, నిర్మాత ధనమునుబట్టి, ప్రేక్షకుని కుతూహలమునుబట్టి పెరిగి పెరిగి, తుదకు రాజప్రాసాదమై కూర్చుండును. 2002లో సంజయ్ లీలా భన్సాలీ హిందీలో తీసిన 'దేవదాస్'లో పార్వతి పుట్టినిల్లు రంగుటద్దముల మేడ! చూచుటకు కన్నులు చాలవు, నిజమే. నవలలో పార్వతి పుట్టింటివారైన చక్రవర్తి వంశమువారి ఇల్లు మాత్రము అది కాదు.

ఇది వట్టి ఆడంబరమును గూర్చిన ఫిర్యాదు కాదు. నవలలో దేవదాసు తండ్రి పార్వతితో పెండ్లి సంబంధమును త్రోసిపుచ్చుటకు చూపిన కారణములు రెండు: కన్యాశుల్కము పుచ్చుకొను వంశమనునది ఒకటి, ఇంటిప్రక్కనే వియ్యమా యనునది మరియొకటి. కథయంతయు ఆ సామీప్యము మీద నిలిచియున్నది. అర్ధరాత్రము పార్వతి ఒంటరిగా దేవదాసు గదికి పోవుట సాహసమైనది దారి దీర్ఘమగుటచేత గాదు, దారి మిక్కిలి కురుచ యగుటచేతను, ఆ కొద్దిపాటి దారిలోనే పనివారి కన్ను పడుటకు వీలుండుటచేతను. ఇరువైపుల మేడలు లేపి నడుమ ఉద్యానము పరచినచో ఆ పిల్ల తెగువకు విలువ తగ్గిపోవును.

"అయితే పాత సినిమాలవాళ్లు గొప్పవాళ్లంటావా?" అని మిత్రుడు వాదమునకు దిగెను. నేనట్లనలేదు. 1935లో న్యూ థియేటర్సు వారికై ప్రమథేశ్ బారువా తీసినప్పుడు నవల అచ్చై పదునెనిమిదేండ్లే యైనది, రచయిత సజీవుడై యుండెను. అది పాతకాలపు చిత్రమని ఎవరును తలచియుండరు. దానికి ఛాయాగ్రాహకుడైన బిమల్ రాయ్ తానే దర్శకుడై 1955లో మరల తీసెను. వినోదావారు వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున అక్కినేని, సావిత్రులతో మన 'దేవదాసు'ను తెచ్చినది 1953లో, జమీందారీలు రద్దగుచున్న రోజులలో. అప్పటికి చక్రపాణి వంటివారి అనువాదముల మూలమున శరత్తు మన ఇండ్లలో మనవాడై పోయియుండెను. కావున వంగదేశపు పల్లె మన కండ్లకు పరాయిదిగా తోచలేదు. కాలము దూరమైన కొలదియే ఈ కథకు అలంకారములు అవసరమైనవి.

ఇంటి ముందరి చెరువు గట్టున కూర్చుండి మేము మరియొక వస్తువును గూర్చి మాటాడుకొంటిమి. నవలలో దేవదాసు కోపావేశమున పార్వతి నుదుట కొట్టినది గాలపు కర్రతో. ఆ పల్లెలో ప్రతి కుర్రవాని చేతను ఉండదగిన వెదురు కర్ర అది. చేతికందినది గనుకనే దెబ్బ తగిలినది, జన్మాంతము చెరగని మచ్చ మిగిలినది. భన్సాలీ చిత్రమున ఆ పని ముత్యాలహారము చేసినది. అందము హెచ్చినది, కుర్రవాని మొరటుతనము మాత్రము ఎగిరిపోయినది.

తిరుగుబండిలో మిత్రుడు కాగితము తీసి రెండిండ్ల పటము గీచెను. నడుమ ఒక్క ప్రహరీ మాత్రమే, దానిని తీసిపెట్టుటకు వీలుగా కట్టినచో, ఒకే చూపులో రెండు వాకిళ్లును పట్టునని లెక్కవేసి, "ఖర్చు తక్కువే కానీ, దీనికి ఒప్పుకునే నిర్మాత దొరకాలి గదా!" అనెను. ఖరీదైన కథానాయకుని కుదిర్చి, మిగిలిన డబ్బు చాలలేదని చెప్పుమని సలహా యిచ్చితిని.