బ్యాగులోనూ ఉంది, పెట్టెలోనూ ఉంది!

ఫ్రెండ్స్‌తో ఆడుకోవడానికి సొంతంగా గేమ్ సర్వర్ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ర్యామ్ ఎంత కావాలని. తర్వాత నెట్ స్పీడ్ ఎంత ఉండాలని. నన్నడిగితే వీటికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. మనం రాత్రిళ్లు కూర్చుని సంపాదించినవన్నీ ఆ సర్వర్ ఎక్కడ రాసిపెట్టుకుంటుంది? మామూలు ఫైళ్లలోనా, డేటాబేస్‌లోనా?

వినడానికి బోర్ కొట్టే ప్రశ్నే. కానీ మా హాస్టల్లో ఒక కుర్రాడు చేయని తప్పుకి దొంగ అనిపించుకున్నది దీనివల్లే.

మా రూమ్మేట్ పాత డెస్క్‌టాప్ మీద మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్ నడిపేవాడు. మెస్‌లో తిని రాగానే పది పన్నెండు మందిమి అందులో దూరేవాళ్లం. తవ్విన డైమండ్స్ అన్నీ ఒక ఉమ్మడి పెట్టెలో వేసేవాళ్లం. ఒక రాత్రి ఫస్టియర్ కుర్రాడు తన వాటా తీసుకుని లాగౌట్ అయ్యాడు. నిమిషం తిరక్కుండానే కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేసి చూస్తే పెట్టెలో ఒక్క డైమండ్ కూడా తగ్గలేదు. వాడి బ్యాగులో మాత్రం వాటా భద్రంగా ఉంది!

"డూప్ చేశావు కదరా!" అని అందరూ మీద పడ్డారు. డూప్ అంటే దొంగదారిలో ఒక వస్తువుని రెండు చేయడం. "నేనేం చేయలేదన్నా" అని వాడు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. వారం రోజులు సర్వర్ వైపే రాలేదు.

అసలేం జరిగిందంటే, ఈ గేమ్‌లో ఒక్కో ఆటగాడికి ఒక్కో ఫైల్ ఉంటుంది. మన బ్యాగులో ఏముందో అందులో ఉంటుంది. ఊరు, చెట్లు, పెట్టెలు, పెట్టెల్లో సరుకు అంతా వేరే ఫైళ్లలో ఉంటుంది. 16×16 గడుల నేలని ఒక చంక్ అంటారు, అలాంటి 1,024 చంక్‌లు కలిపి ఒక రీజియన్ ఫైల్. ఆటగాడు లాగౌట్ అవగానే అతని ఫైల్ సేవ్ అయిపోతుంది. నేల ఫైల్ మాత్రం తన టైమ్ వచ్చినప్పుడే సేవ్ అవుతుంది. ఆ రెండింటి మధ్యలో కరెంటు పోయింది. బ్యాగు ఫైల్‌కి కొత్త సంగతి తెలుసు, పెట్టె ఫైల్ పాత సంగతి దగ్గరే ఆగిపోయింది. అదే డైమండ్స్ పెట్టెలో దాచుకునేటప్పుడు తేడా జరిగితే, రెండు చోట్లా లేకుండా మాయమైపోవచ్చు కూడా.

మా రూమ్మేట్‌కి సర్వర్ ఆన్ చేసేముందు ఫోల్డర్ మొత్తం కాపీ తీసుకునే అలవాటుంది. ఆ కాపీలో రెండు ఫైళ్ల టైమ్ చూపించాడు. బ్యాగు ఫైల్ తర్వాతది, పెట్టె ఫైల్ ముందుది. అప్పుడు గానీ మా వాళ్లు నోరు మూయలేదు.

డేటాబేస్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఒకే బ్యాంకులో మీ ఖాతా నుంచి మీ అమ్మ ఖాతాకి 500 పంపారనుకోండి. ఇక్కడ తగ్గడం, అక్కడ పెరగడం కలిసే జరగాలి, లేదంటే రెండూ జరగకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. మన పాత వ్యాపారులకి చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో రాసి, తర్వాత తీరిగ్గా ఖాతాలవారీగా ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. చాలా డేటాబేస్‌లు చేసేదీ అదే. ముందు లాగ్‌లో రాస్తాయి. మధ్యలో కరెంటు పోతే, తిరిగొచ్చాక ఆ లాగ్ చూసి పూర్తయిన లెక్కని ఎక్కిస్తాయి, సగంలో ఆగినదాన్ని కొట్టేస్తాయి.

ఐస్‌లాండ్‌కి చెందిన సీసీపీ కంపెనీ 2003లో ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్ తెచ్చింది. చైనా వాళ్లకి వేరే సర్వర్ ఉంది, మిగతా ప్రపంచమంతా ఒకే లోకంలో ఆడుతుంది. అక్కడి మార్కెట్‌ని నడిపేది ఆటగాళ్లే. అలాంటి చోట ఒక ఓడ రెండైతే ధరలే కూలిపోతాయి. అందుకే దాని వెనక మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్ ఉంది.

అలాగని ఫైళ్లని తీసిపారేయక్కర్లేదు. 1991లో కోపెన్‌హేగన్ యూనివర్సిటీ విద్యార్థులు విడుదల చేసిన డీకూమడ్ అనే టెక్స్ట్ గేమ్ తన లోకాన్నంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే పెట్టుకుంది. ఫైల్ అయితే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడొచ్చు. సర్వర్ ఆపి, ఫోల్డర్ కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే అదే బ్యాకప్. సెట్టింగ్స్, మ్యాప్ లాంటి వాటికి ఇంతకంటే సుఖం లేదు. తేడా వచ్చేది వస్తువు చేతులు మారినప్పుడే. ఇంకోటి, "అందరిలోకీ ఎక్కువ డైమండ్స్ ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగితే ఫైళ్లన్నీ ఒక్కొక్కటిగా తెరవాలి. డేటాబేస్‌కైతే ఒక్క ప్రశ్న చాలు.

రెండింటికీ మధ్యేమార్గం ఎస్‌క్యూలైట్. 2000లో రిచర్డ్ హిప్ తయారుచేశాడు. ఇన్‌స్టాల్ చేసి నడపాల్సిన వేరే ప్రోగ్రామ్ ఏమీ ఉండదు, డేటాబేస్ అంతా ఒక్క ఫైలే. అయినా ట్రాన్సాక్షన్లు ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీ వాట్సాప్ చాట్లు ఉండేది ఇందులోనే. ఒకసారికి ఒక్కరే రాయగలరు, అదే దీని పరిమితి. ఫ్రెండ్స్ సర్వర్‌కి అది అడ్డమే కాదు.

అయితే డేటాబేస్ పెట్టేస్తే అన్నీ సర్దుకుంటాయని కాదు. బ్యాగు ఇప్పుడు, పెట్టె ఐదు నిమిషాల తర్వాత అని విడివిడిగా సేవ్ చేస్తే ఎంత ఖరీదైన డేటాబేస్ అయినా అదే డూప్ వస్తుంది. ఆ రెండు మార్పుల్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో కట్టాలి. వేగం సంగతీ చూసుకోవాలి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకి 20 సార్లు లోకాన్ని ముందుకు నడుపుతుంది, అంటే ఒక్కో అడుగుకి 50 మిల్లీసెకన్లే టైమ్. డేటాబేస్ జవాబు కోసం ఆట ఆగితే అందరికీ ల్యాగ్. అందుకే రాసే పనిని వెనకాల వేరే థ్రెడ్‌కి అప్పగిస్తారు.

నా లెక్క సింపుల్. ఒక్కరికే సంబంధించినది, పోయినా మళ్లీ చేసుకోగలిగినది ఫైల్లో ఉంచొచ్చు. ఇద్దరి మధ్య చేతులు మారేది ఏదైనా, పది డైమండ్స్ అయినా సరే, ట్రాన్సాక్షన్‌లోనే మారాలి. సర్వర్ పాడైతే మళ్లీ పెట్టుకోవచ్చు. అందరి ముందూ ఒకణ్ని దొంగ అన్నాక ఆ మాటని వెనక్కి తీసుకోవడానికి ఏ బ్యాకప్పూ ఉండదు.