నిద్రను తరిమే పలుకులు

"వంటల గురించో, పిల్లల చదువుల గురించో యీ సంచికకు ఏదైనా వ్రాయండి" అని మన సంపాదకులు ఫోను చేశారు. వంటల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు సాల్మియాలో వీధికి నలుగురున్నారు. నాకు తెలిసింది మందుల సంగతి. ఇరవై యేళ్ళకు పైగా కువైత్‌లో ఫార్మసీ కౌంటరు వెనక నిలబడ్డదాన్ని. కబుర్లకు పనికొచ్చే విషయం కాకపోయినా, యీసారికి మందు కాని ఒక మందు గురించి వ్రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

ఇక్కడి పత్రికల్లో తరచు కనిపించే మాట "షాబు". అసలు పేరు మెథాంఫెటమిన్. షాబు అన్నది జపాను వాళ్ళ వీధి మాట. ఫిలిప్పీన్స్‌లో స్థిరపడి, అక్కడినుంచి గల్ఫు దాకా నడిచొచ్చింది. చూడటానికి పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది.

దీని బంధువును మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎరుగుదురు. మా తాతగారికి ఉబ్బసం. డాక్టరుగారు ఎఫిడ్రిన్ బిళ్ళలు ఇచ్చేవారు. ఆయాసం తగ్గేది కాని, ఆ రాత్రి తాతగారికి నిద్ర ఉండేది కాదు. గుండె దడదడలాడుతోందంటూ తెల్లవార్లూ వసారాలో పచార్లు చేసేవారు. ఆ ఎఫిడ్రిన్‌ను 1885లో ఎఫిడ్రా మొక్కనుంచి వేరు చేసిన జపాను శాస్త్రజ్ఞుడు నాగాయి నాగయోషియే 1893లో దాని నుంచి మెథాంఫెటమిన్ చేశాడు. రెండింటికీ తేడా ఒక్క ఆక్సిజన్ పరమాణువు. అది ఊడిపోతే మందు మెదడులోకి మరింత సులువుగా దూరుతుంది. 1919లో అకిరా ఒగాటా దాన్ని స్ఫటికాలుగా తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మను సైనికులకు పెర్విటిన్ పేరుతో, జపాను సైనికులకు ఫిలోపాన్ పేరుతో పంచారు. యుద్ధం ముగిశాక జపానులో మిగిలిపోయిన నిల్వలు బజారున పడి ఊళ్ళకు ఊళ్ళు వ్యసనంలో మునిగితే, 1951లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. నిద్ర లేకుండా మనిషిచేత పని చేయించుకోవాలన్న కోరిక దీని పుట్టుకలోనే ఉందనిపిస్తుంది నాకు.

ఆ కోరిక ఇప్పటికీ పోలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక కుర్రాడు కౌంటరు దగ్గరికి వచ్చాడు. నా మాట విని తెలుగువాళ్ళని గుర్తుపట్టి, "నిద్ర బిళ్ళ ఏదన్నా ఉంటే ఇయ్యక్కా, మూడు దినాలాయ కన్ను మూయక" అన్నాడు. రాయలసీమ మాట. చీటీ లేకుండా ఆ బిళ్ళలు ఇవ్వకూడదు, ఇవ్వలేదు. కాని మనిషిని చూస్తే పంపేయబుద్ధి కాలేదు. పాతికేళ్ళుంటాయేమో, దవడలు పీక్కుపోయాయి. మాట్లాడుతున్నంతసేపూ పళ్ళు నూరుతున్నాడు. చేతుల నిండా గీరుకున్న పుండ్లు. ఏమిటివి అంటే, "చర్మం కింద చీమలు పారాడతాండాయక్కా" అన్నాడు. పగలు నీళ్ళ లారీ, రాత్రి భోజనాల డెలివరీ. వీసాకు చేసిన అప్పు తీరేదాకా రెండు పనులూ వదలడానికి లేదు. గదిలో ఎవరో "ఇది పీలిస్తే అలుపుండదు" అని ఇచ్చారట. మొదటి రెండు వారాలూ అలుపు లేదన్న మాట నిజమేనని తనే చెప్పాడు.

ఎందుకు నిజమైందంటే, మన మెదడులో డోపమిన్ అనే పదార్థం ఉంది. ఆకలేసినప్పుడు అన్నం తిన్నా, బిడ్డ నవ్వినా అది చుక్కలు చుక్కలుగా వచ్చి "బాగుంది" అనిపిస్తుంది. షాబు ఆ ట్యాంకుకు అడుగే ఊడగొడుతుంది. ఉన్నదంతా ఒక్కసారి బయటికి. పైగా కొకైనులా గంటలోపే దిగిపోయేది కాదు, పది పన్నెండు గంటలు నిలుస్తుంది. తరవాత ట్యాంకు ఖాళీ. అన్నం రుచి ఉండదు, ఇంటినుంచి ఫోనొస్తే సంతోషం ఉండదు. మళ్ళీ పీలిస్తేనే మనిషి లేస్తాడు. ఇలా కొంతకాలం సాగితే అనుమానాలు మొదలవుతాయి. గోడ అవతల పోలీసులున్నారనీ, గదిలోవాళ్ళు చంపడానికి చూస్తున్నారనీ. చీమలూ ఆ బాపతే. నోరు ఎండి, పళ్ళు నూరుకుని, తీపి పానీయాలు తాగి తాగి పళ్ళు పుచ్చిపోతాయి. రక్తనాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది, గుండె కండరం సాగి బలహీనమవుతుంది. ముప్ఫైలోపువాళ్ళకు గుండెపోటూ, పక్షవాతమూ రావడానికి కారణం అదే.

కువైత్‌లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. ఈ మందు ఒంటి వేడిని పెంచుతుంది, ఆ వేడి బయటికి పోయే దారినీ మూస్తుంది. 2016 జూలై 21న మన మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి దేశంలో లారీ నడిపేవాడు యిది పీల్చి ఎండలో దిగితే, ఒళ్ళు కాగి కండరాలు కరిగి మూత్రపిండాలు దెబ్బతినడానికి ఎంతోసేపు పట్టదు. నల్లమందు జాతి మత్తులకు నాలొక్సోన్ అని విరుగుడు ఉంది. దీనికి లేదు. ఒళ్ళు చల్లబరచి, మత్తిచ్చి, కాచుకుని కూర్చోవడమే ఆసుపత్రివాళ్ళు చేయగలిగింది.

"అదంతా అబ్బాసియా గదుల్లో సంగతి, మన ఇళ్ళల్లో ఏముందమ్మా" అని ఒక మిత్రురాలు నాతో అన్నది. ఆవిడంటే గౌరవం ఉంది గాని, యీ మాటతో ఏకీభవించలేను. క్యాప్టగాన్ పేరుతో గల్ఫంతా తిరిగే బిళ్ళల్లో ఉండేది దీని అన్నగారు ఆంఫెటమినే. 1961లో జర్మనీలో మందుగా పుట్టిన అసలు క్యాప్టగాన్ ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. పరీక్షల ముందు రాత్రంతా చదవొచ్చని పిల్లల చేతికి అందేది ఆ దొంగబిళ్ళే.

పార్సెళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2019లో బొంబాయి దంపతులు, చుట్టం ఇచ్చిన పొట్లం పట్టుకుని ఖతార్‌లో దిగారు. అందులో నాలుగు కిలోల హషీష్ ఉంది. పదేళ్ళ శిక్ష పడింది. తమకు తెలియదని తేలి 2021లో విడుదలయ్యేలోపు ఆ ఇల్లాలు జైల్లోనే బిడ్డను కన్నది. మన కడప, గోదావరి జిల్లాలనుంచి వచ్చేవాళ్ళ చేతికి "మావాడికి ఇవ్వండి" అని కట్టి ఇచ్చే పచ్చడి జాడీ విప్పి చూడటం మర్యాద తక్కువని మనం అనుకుంటాం. విప్పి చూడండి. ఇక్కడ 1983, 1987 చట్టాల స్థానంలో కొత్త మత్తుమందుల చట్టం 2025 డిసెంబరు 15న అమలులోకి వచ్చింది. వ్యాపారానికి ఉరిశిక్ష దాకా ఉంది. అయితే తనంతట తాను చికిత్సకు వచ్చినవాడి మీద కేసు పెట్టరాదన్న నియమం పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. ఈ ముక్క మన గదుల్లో ఎవరికీ తెలియదు.

ఆ కుర్రాడికీ చెప్పాను. సబా ఆసుపత్రుల ప్రాంతంలో వ్యసన చికిత్సా కేంద్రం ఉందన్నాను. ఊరికి పంపేస్తారని భయపడ్డాడు. ఆ భయం అర్థం లేనిదని నేను అనలేను. నెల తిరక్కుండానే కంపెనీవాళ్ళు వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు.

ఈ వ్యసనానికి ఇదీ మందు అని ఆమోదం పొందిన బిళ్ళ ఇంతవరకు లేదు. నాల్‌ట్రెక్సోన్, బ్యుప్రోపియాన్ కలిపి ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. నూటికి పదమూడు, పధ్నాలుగు మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో రెండు మూడు. ఇప్పటికి అన్నిటికంటే బాగా పనిచేస్తున్నది, మానిన ప్రతి వారానికీ చిన్న బహుమానం ఇచ్చి మాటలతో నిలబెట్టే పద్ధతి. మెదడు కొంత కోలుకుంటుంది, కాని నెలలు పడుతుంది. ఏడాది దాటవచ్చు.

మొన్న ఉగాదికి ఆ కుర్రాడి తండ్రి ఎవరిదగ్గరో నా నంబరు తీసుకుని ఫోను చేశాడు. పిల్లవాడు అన్నం తింటున్నాడట, పగలంతా పడుకుంటాడట, ఎవరితోనూ మాట్లాడడట. "అప్పు ఇంగా రెండు లచ్చలుంది తల్లీ, ఇంకో వీసా ఏమన్నా దొరుకుతాదా?" అని అడిగాడు. వీసా సంగతి తరవాత చూద్దాం, ముందు 14446కి ఫోను చెయ్యమన్నాను. ప్రభుత్వంవారి నంబరు, డబ్బు కట్టక్కర్లేదు. "రాసుకుంటా ఉండు తల్లీ" అని పెన్ను కోసం లోపలికి వెళ్ళాడు.