డిస్కు ప్లేయరుకు పరీక్ష

పిల్లలూ, డిస్కు ప్లేయరు మంచిదో కాదో అంగడిలో తేలదు. అక్కడి సందడిలో దాని రొద వినబడదు కదా! కొత్తది కొందామా అన్న మాట వచ్చి, ఇంట్లో ఉన్న పాతదానికి నేనే పరీక్ష పెట్టాను. బడి మానినా ఆ అలవాటు పోలేదు మరి.

ముందు బొమ్మ. పగటి దృశ్యాలను ఏ ప్లేయరైనా బాగానే చూపుతుంది. చీకటి దృశ్యం పెట్టి చూడాలి. నల్లకోటు మడతలు తెలుస్తున్నాయా, అంతా మసిముద్దగా ఉందా? మన దేశంలో మామూలుగా దొరికే డి.వి.డి. బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. బ్లూ-రేలో 1920, 1080. గుణించి చూడండి, సరిగ్గా అయిదు రెట్లు!

ఇక రొద. మా ఇంటావిడకు చెవి కాస్త మందం. నటులు మెల్లిగా మాట్లాడితే ఆ గుర్రుమనే చప్పుడులో మాటలు మునిగిపోతాయి. అందుకని రాత్రివేళ, పంకా ఆపి, ఆమె కుర్చీలోనే కూర్చుని విన్నాను. ఒక తమాషా బయటపడింది: సినిమా మొదట్లో రొద ఎక్కువ, పోనుపోను తక్కువ. ఎందుకంటారా? ఒకే పొర ఉన్న డిస్కును లోపలినుంచి బయటికి చదువుతుంది ప్లేయరు. లోపలి చుట్టు చిన్నది గనుక అక్కడ డిస్కు మరింత గిరగిరా తిరగాలి.

బొమ్మకు 60 మార్కులు వేశాను, రొదకు 30. ప్లేయరు కాళ్లకింద నాలుగు రబ్బరు ముక్కలు పెట్టాక బల్ల అదరడం తగ్గింది.

"ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయండీ," అన్నది ఆవిడ.

కొత్తది కొనలేదు.